నాలుగో గడి

మా తాతయ్య దగ్గర ఒక పొడుగాటి పద్దుల పుస్తకం ఉండేది. కొబ్బరికాయల లెక్కలు రాసుకోవడానికి మా వైపు అందరి ఇళ్లలోనూ ఉండే రకమే, ఎర్ర గుడ్డ అట్ట. కానీ ఆయన అందులో కాయల లెక్క ఒక్కటీ రాయలేదు. స్కేలు పెట్టి ప్రతి పేజీనీ నాలుగు నిలువు గళ్లు చేసుకునేవారు. మొదటి గడిలో తేదీ. రెండో గడిలో ప్రశ్న. మూడో గడిలో మంత్రిగారు చెప్పిన జవాబు. నాలుగో గడి నెత్తిన "జరిగిందా?" అని ఉండేది. పేజీలకి పేజీలు ఆ గడి ఖాళీగానే ఉండేది. అయినా ప్రతి కొత్త పేజీలోనూ దానికి చోటు వదిలేవారు.

అది ఆయన పార్లమెంటు పుస్తకం.

మా ఊరు కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో, కాలవ గట్టు మీద. తాతయ్య ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. వీధి అరుగు మీద స్టూలు, స్టూలు మీద మర్ఫీ రేడియో, దాని మీద నాన్నమ్మ అల్లిన లేసు గుడ్డ. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక ఆకాశవాణిలో ఇంగ్లీషులో 'టుడే ఇన్ పార్లమెంట్' వచ్చేది. ఆ వేళకి ఇంట్లో అందరి భోజనాలూ అయిపోవాలి. గిన్నెల చప్పుడు కూడా వినపడకూడదు. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. అయిపోయాక లాంతరు దగ్గరికి జరుపుకుని పుస్తకం తెరిచేవారు. నేను పక్కన కూర్చుని సిరాబుడ్డి మూత తీసి పట్టుకునేదాన్ని. నాకు ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ దేశంలో ఎక్కడో చాలా పెద్ద పని జరుగుతోందని, అది మా అరుగు దాకా వస్తోందని మాత్రం తెలిసేది.

1977లో నాకు పదేళ్లు. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లుంటే 41 కాంగ్రెస్‌కి వచ్చాయి. జనతా పార్టీకి ఒక్కటే, నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి గారిని స్పీకర్‌ని చేశారని రేడియోలో చెప్పారు. "ఇటు 41 మంది ఉంటే అటు ఒక్కడే కదా తాతయ్యా, ఆ ఒక్కడికి ఎలా ఇచ్చారు కుర్చీ?" అని అడిగాను. లెక్కల్లో నేను గట్టిదాన్ని. ఆయన చాలాసేపు నవ్వుకుని, తర్వాత నిజంగానే పాఠం చెప్పినట్టు చెప్పారు. ఢిల్లీలో లెక్క వేరు, అక్కడ మొత్తం దేశాన్ని కూడతారు అని. ఆ తర్వాత, "పదేళ్ల కిందట మొదటిసారి స్పీకర్ అయినప్పుడు ఆయన తన పార్టీకి రాజీనామా ఇచ్చి మరీ ఆ కుర్చీలో కూర్చున్నాడమ్మా. ఆ కుర్చీ అలాంటిది," అన్నారు. కుర్చీ కోసం పార్టీని వదులుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలియలేదు. మాట మాత్రం గుర్తుండిపోయింది.

నక్షత్రం సంగతి కూడా ఆ ఏడాదే నేర్చుకున్నాను. పుస్తకంలో కొన్ని ప్రశ్నల పక్కన ఆయన చిన్న నక్షత్రం వేసేవారు. మంచి ప్రశ్నలకి మార్కులు వేస్తున్నారేమో అనుకున్నాను. కాదు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి సభలో లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేనిదానికి కాగితం మీద రాసిచ్చేస్తే చాలు. "అసలు ప్రశ్నకి జవాబు ఆఫీసర్లు రాసిస్తారు, మంత్రి చదువుతాడు. అది కాదు చూడాల్సింది. ఆ తర్వాత అనుబంధ ప్రశ్న వేస్తారు చూడు, అదీ పరీక్ష. దానికి కాగితం ఉండదు. శాఖ గురించి తెలిసినవాడెవడో తెలియనివాడెవడో అక్కడ తేలిపోతుంది," అనేవారు. రోజుకి ఇరవై నక్షత్రం ప్రశ్నలు లిస్టులో ఉన్నా, పదకొండు నుంచి పన్నెండు దాకా ఉండే ఆ గంటలో నాలుగో అయిదో మాత్రమే చర్చకు వస్తాయని, మిగతావాటికి రాతపూర్వక జవాబే దిక్కని చెప్పేవారు. అందుకే గంటలో పావుగంట అరుపులకి పోయినా ఆయనకి ప్రాణం విలవిల్లాడేది. "రెండు ప్రశ్నలు పోయాయి," అని పుస్తకంలో రాసేవారు. ఎవరు అరిచారో రాసేవారు కాదు.

ఇంకొక మాట ఉంది, ఇది తెలిసినవాళ్లు తక్కువ. మంత్రి దగ్గర జవాబు లేకపోతే "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అంటాడు. వినడానికి తప్పించుకున్నట్టే ఉంటుంది. కానీ ఆ మాట సభలో అన్నాక అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారా లేదా అని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి 1953 నుంచీ ఉంది. తాతయ్య నాలుగో గడి పుట్టింది అక్కడినుంచే. "వాళ్ల కమిటీ వాళ్లకి ఉంది. మన కమిటీ మనకి ఉండొద్దూ?" అనేవారు.

ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన పేరు కోటిపల్లి. తాతయ్య కుర్రతనంలో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలుండేది. కోటిపల్లి రేవులో దిగి, పడవెక్కి గౌతమి దాటి ముక్తేశ్వరం వచ్చేవారట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. "యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు," అనేవారు. ఏటా ఫిబ్రవరిలో రైల్వే బడ్జెట్ రోజున మా ఇంట్లో ఎవరూ ఆయన్ని పలకరించేవారు కాదు. రేడియోకి చెవి ఆనించి ఆ ఒక్క పేరు కోసం వినేవారు. అప్పట్లో రైల్వేకి బడ్జెట్ విడిగా ఉండేది. 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. ఆ రోజు నాకు ఫిబ్రవరిలో ఏదో పండగ తీసేసినట్టు అనిపించింది.

కథలు కూడా చాలా చెప్పేవారు. 1952లో పుచ్చలపల్లి సుందరయ్య గారు రాజ్యసభకి వెళ్లినప్పుడు సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్లేవారన్నది ఎన్నిసార్లు విన్నానో. తాతయ్య కమ్యూనిస్టు కాదు. కానీ ఆ సైకిల్ గురించి చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయ్యేది. ఆచార్య రంగా గారు సభలో లేచారంటే రైతు గురించే అని రేడియో ఇంకా పూర్తిగా చెప్పకముందే ఈయన చెప్పేసేవారు. 1984 ఎన్నికల తర్వాత తెలుగుదేశం 30 మందితో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీ ఆ స్థానంలోకి రావడం అదే మొదలు. ఆ అయిదేళ్లూ రేడియోలో తెలుగు పేర్లు ఎక్కువగా వినపడేవి. నేను అప్పుడు కాకినాడలో కాలేజీ. సెలవులకి ఇంటికొస్తే, నేను లేని రోజుల పేజీలన్నీ కూర్చోబెట్టి చదివించేవారు.

1990లో నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ హైదరాబాద్. అప్పటినుంచీ మా ఇద్దరికీ ఇన్లాండ్ ఉత్తరాలు. "చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు" అని మొదలుపెట్టి, నాన్నమ్మ కీళ్ల నొప్పులు రెండు లైన్లు, కొబ్బరి దింపులు ఎప్పుడో ఒక లైను, మిగతాదంతా పార్లమెంటు. 1993 జూలై 28న పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానానికి 251 మంది అనుకూలం, 265 మంది వ్యతిరేకం. ఆ రెండు అంకెలూ ఉత్తరం నెత్తిన, తేదీ రాయాల్సిన చోట రాసి పంపారు. కింద ఒకే వాక్యం: "నిలిచాడు." తర్వాత ఆ ఓట్ల వెనక డబ్బు సంగతులు బయటపడ్డప్పుడు మరో ఉత్తరం వచ్చింది. అందులో పార్లమెంటు గురించి ఒక్క మాట లేదు. మొత్తం నాన్నమ్మ కీళ్ల నొప్పులే. ఆయన ఎంత బాధపడ్డారో నాకు అర్థమైంది.

1994 చివర్లో దూరదర్శన్‌లో ప్రశ్నోత్తరాల సమయం ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. ఒక వారం లోక్‌సభ, ఒక వారం రాజ్యసభ. అన్నేళ్లు వినడమే తప్ప చూడటం లేదు. సెలవు పెట్టిన రోజుల్లో చూసేదాన్ని. ఎస్. జైపాల్ రెడ్డి గారు మాట్లాడుతుంటే పక్కన డిక్షనరీ పెట్టుకోవాల్సి వచ్చేది. ఆయన వాడిన మాటలు రాసుకుని తాతయ్యకి పంపేదాన్ని. 1998లో ఆయనకి ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు ఇచ్చినప్పుడు మా ఇంట్లో మనిషికి ఇచ్చినట్టే అనుకున్నాం. మహబూబ్‌నగర్ జిల్లా ఆయనకీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. ఆయన మాటలు పోగేసుకున్నవాళ్లం, అంతే.

ఆ ఏడాదే మార్చి 24న గంటి మోహనచంద్ర బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్ అయ్యారు. మా ఎంపీ. మా కోనసీమ మనిషి. యెదుర్లంకలో పుట్టి కాకినాడలో వకీలుగా చేసినాయన. నలభై ఆరేళ్లకి ఆ కుర్చీలో కూర్చున్నారు. దళితుల నుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి. తాతయ్య రాసిన ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. "అమ్మాయ్, మన బాలయోగిని చేయి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కింటివాళ్ల కలర్ టీవీలో చూశాను. నా బడిలో వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టిన పిల్లలు గుర్తొచ్చారు. అప్పుడు నేను అడ్డు చెప్పాల్సింది, చెప్పలేదు." ఈ చివరి వాక్యం చదివి నేను ఆ పూట కౌంటర్ మీద కూర్చోలేకపోయాను. ఇంత చదువూ ఇంత వినికిడీ ఉన్న మనిషి, ఎనభై ఆరేళ్ల వయసులో, మనవరాలికి ఆ సంగతి రాయడం మామూలు విషయం కాదు.

1999 ఏప్రిల్ 17 శనివారం. సెలవు పెట్టి ఇంటికెళ్లాను, ఆ రోజు ఆయన పక్కన ఉండాలని. అప్పటికి మా ఇంట్లోనూ టీవీ వచ్చింది. వాజపేయి గారి ప్రభుత్వం మీద విశ్వాస పరీక్ష. మా హాలు నిండిపోయింది. కొబ్బరి దింపుకొచ్చిన ఇద్దరు మనుషులు కూడా మోకు పక్కన పెట్టి గుమ్మంలో కూర్చున్నారు. కరెంటు ఎక్కడ పోతుందోనని అందరికీ ఒకటే టెన్షన్. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ గారు ఓటేయవచ్చా లేదా అన్నది ఆ రోజు పెద్ద చిక్కు. దాన్ని స్పీకర్ ఆయన విచక్షణకే వదిలేశారు. గంట మోగింది. "మూడున్నర నిమిషాలు మోగుతుంది, ఎవరు ఎక్కడున్నా లోపలికి వచ్చెయ్యాలి, ఆ తర్వాత తలుపులు మూసేస్తారు," అని తాతయ్య పడక కుర్చీలోంచి అందరికీ చెప్పారు. బోర్డు మీద అంకెలు వచ్చాయి. అనుకూలం 269. వ్యతిరేకం 270.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. టీవీలో ఒక పక్క గోల, ఒక పక్క నిశ్శబ్దం. తాతయ్య ఆ రెండు పక్కలా చూడలేదు. కుర్చీ వైపే చూస్తున్నారు. "ఇంకొక్క ఓటు అటు తగ్గి సమానం అయ్యుంటే, మన బాలయోగి ఓటెయ్యాల్సి వచ్చేది. మామూలుగా స్పీకర్‌కి ఓటుండదు. సమానమైతేనే ఉంటుంది, అప్పుడు వెయ్యక తప్పదు కూడా," అన్నారు. బాలయోగి గారి పార్టీ ఆ రోజు ప్రభుత్వం వైపే ఉంది. ఆ ప్రభుత్వం ఓడిపోయిందని ప్రకటించింది ఆయన నోటితోనే. "గొంతు మారలేదు చూశావా," అన్నారు తాతయ్య. 1977లో సంజీవరెడ్డి గారి గురించి చెప్పిన మాట నాకు ఆ క్షణాన అర్థమైంది.

ఆ రాత్రి పుస్తకంలో ఆయనే రాశారు, చేయి వణుకుతున్నా. రెండో గడిలో: "ప్రభుత్వం మీద సభకు నమ్మకం ఉందా?" మూడో గడిలో: "ఉంది 269. లేదు 270." నాలుగో గడిలో, చాలా రోజుల తర్వాత, ఒక టిక్కు.

2000-01 రైల్వే బడ్జెట్‌లో కోటిపల్లి–నరసాపురం లైను మంజూరైంది. దాదాపు 57 కిలోమీటర్లు, గౌతమి మీదా వైనతేయ మీదా వసిష్ఠ మీదా వంతెనలు. రైలు కోనసీమ నడిబొడ్డు మీదుగా పోతుంది. తాతయ్య రాశారు. నాలుగో గడి వదిలేశారు. ఆ శ్రావణ మాసంలో వెళ్లిపోయారు. పదమూడో రోజు అయ్యాక నాన్నమ్మ ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇది చదివేది నువ్వొక్కదానివే," అంది.

2002 మార్చి 3న బాలయోగి గారు కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. చేపల చెరువులో పడింది. ఆ రోజు నేను పుస్తకంలో ఏమీ రాయలేకపోయాను, తేదీ ఒక్కటే రాశాను. ఢిల్లీలో పార్లమెంటు లైబ్రరీ భవనంలో ఆడిటోరియానికి ఆయన పేరే పెట్టారు. యానాం, యెదుర్లంకల మధ్య మేం చిన్నప్పుడు పంటు, అంటే బల్లకట్టు లాంటి పెద్ద పడవ, మీద దాటిన చోట ఇప్పుడున్న వారధికీ ఆయన పేరే. బస్సు దాని మీదకి ఎక్కగానే నాకు బోర్డు మీద ఆ రెండు అంకెలే కనిపిస్తాయి.

2004లో కాకినాడ–కోటిపల్లి రైలు మళ్లీ నడిచింది. తాతయ్య పాత పేజీలు వెనక్కి తిప్పి, ఆయన కలంతోనే, ఆ ప్రశ్నలన్నిటి పక్కనా టిక్కు పెట్టాను. మొత్తం పదకొండు.

అప్పటికి నేను వరంగల్ జిల్లాలో ఒక పల్లెటూరి బ్రాంచిలో ఉన్నాను. పంట రుణాలు చూసేదాన్ని. పత్తి విత్తనం మొలవలేదనో, మొలిచినా కాయ పట్టలేదనో రైతులు ఖాళీ ప్యాకెట్లు పట్టుకుని వచ్చి నా టేబుల్ మీద పెట్టేవారు. బ్యాంకు చేయగలిగింది ఏముంటుంది? 2004 డిసెంబరులో విత్తనాల బిల్లు రాజ్యసభలో పెట్టారు. దాన్ని వ్యవసాయ స్థాయీ సంఘానికి, అంటే బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీకి, పంపారు. సంఘం ప్రజల సూచనలు కోరుతోందని తెలిసి, నేను మూడు రాత్రులు కూర్చుని ఉత్తరం రాశాను. బిల్లు ప్రకారం నష్టపోయిన రైతు వినియోగదారుల కోర్టుకి వెళ్లి పరిహారం అడగవచ్చు. మంచిదే. కానీ మా దగ్గర విత్తనం అమ్మినవాడు రసీదు ఇవ్వడు, తెల్ల కాగితం మీద చిట్టీ రాసిస్తాడు. చిట్టీకి కోర్టులో విలువేముంది? వాయిదాకి వెళ్లిన రోజు కూలి ఎవరిస్తారు? ఇదే రాశాను. ఎనిమిది మంది రైతుల లెక్కలు, వాళ్ల పేర్లు లేకుండా, జతచేశాను.

కొన్నాళ్లకి ఢిల్లీ నుంచి లోక్‌సభ సచివాలయం పేరుతో ఒక కవరు వచ్చింది. మీ సూచనలు అందాయి అని రెండు లైన్లు. బ్రాంచిలో అందరికీ చూపించాను. ఆ ప్యాకెట్లు తెచ్చిన రైతుల్లో ఒక పెద్దాయన ఆ కాగితాన్ని రెండు చేతుల్తో తీసుకుని, "అంటే మన మాట ఆడిదాకా పోయిందన్నట్టే గదమ్మా," అన్నాడు. 2006లో సంఘం నివేదిక ఇచ్చింది. ఆ బిల్లు మాత్రం చట్టం కాలేదు. నాలుగో గడి ఖాళీ. ఆ పెద్దాయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది.

పార్లమెంటుని కళ్లారా చూసింది 2006 ఆగస్టులో. ఉద్యోగులకిచ్చే ప్రయాణ సదుపాయం, ఎల్‌టీసీ మీద ఢిల్లీ వెళ్లాం. ఎంపీ ఆఫీసు ద్వారా పాసులు దొరికాయి, మాకు గంటసేపు. ఫోను, సంచి, కలం అన్నీ బయటే ఇచ్చేశాం. తాతయ్య పుస్తకం కూడా ఆ సంచిలోనే ఉండిపోయింది. గ్యాలరీలో ముందుకి వంగకూడదు, మాట్లాడకూడదు. మధ్యాహ్నం వేళ, సభలో పట్టుమని ముప్పై మంది లేరు. కింద ఆకుపచ్చ తివాచీ. స్పీకర్ కుర్చీ పైన "ధర్మచక్ర ప్రవర్తనాయ" అని అక్షరాలు. ఎవరో సభ్యుడు తన నియోజకవర్గంలో ఒక రైల్వే గేటు గురించి కాగితం చూసి చదువుతున్నాడు. అక్కడ స్కూలు పిల్లలు దాటుతారు అంటున్నాడు. మా ఆయనకి నిరాశగా ఉంది, ఏదైనా పెద్ద చర్చ చూస్తామనుకున్నారు. నాకు మాత్రం కళ్లు తిప్పుకోవాలనిపించలేదు.

టీవీలో ఎప్పుడూ కనపడనిది ఒకటి అక్కడ చూశాను. కుర్చీకి ముందు, సభ మధ్యలో ఒక బల్ల. దాని దగ్గర కూర్చుని ప్రతి మాటనీ రాసేవాళ్లు. ఒకరు రాస్తుండగానే కొద్ది నిమిషాల్లో ఇంకొకరు అడుగుల చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడతారు. కూర్చుని రాయడం అందుకుంటారు. మొదటివారు లేచి వెళ్లిపోతారు. రాత ఆగదు. వినేవాళ్లు ముప్పై మంది లేకపోయినా, ఆ రైల్వే గేటూ ఆ స్కూలు పిల్లలూ ఒక్క అక్షరం పోకుండా కాగితం మీదకి ఎక్కుతున్నారు. మా అరుగు మీద లాంతరు దగ్గరికి జరుపుకునే మనిషి గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాను. సెక్యూరిటీ ఆయన నా వైపు చూసి, ఏమీ అనకుండా ముఖం తిప్పుకున్నాడు.

2014 ఫిబ్రవరి 18 గురించి రాయకుండా ఉండలేను. అప్పుడు మేం హైదరాబాద్‌లో ఉన్నాం. మా అపార్టుమెంటులో మా అంతస్తులో నాలుగు ఇళ్లు: రెండు ఇటువైపువి, రెండు అటువైపువి. రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో ఓటింగ్‌కి వచ్చింది. పక్కింటి వదినగారిది కరీంనగర్. ఆవిడా నేనూ మా సోఫాలో పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడ ఒకటి కోరుకుంటోంది, నేను ఇంకొకటి కోరుకుంటున్నాను. అది ఇద్దరికీ తెలుసు. ఇంతలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గిందని తర్వాత వార్తల్లో తెలిసింది. వదినగారు సంతోషంతో ఏడ్చింది, నేను బాధతో ఏడ్చాను. కానీ ఆ తెర ఆగిపోయిన కాసేపు మా ఇద్దరిదీ ఒకటే బాధ. "మన గురించే గదా వదినా, మనకు చూపియ్యకపోతే ఎట్లా?" అంది ఆవిడ. నేనూ అదే అనుకుంటున్నాను. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కి అయిదేళ్ల ప్రత్యేక హోదా అని ప్రధాని చెప్పిన మాట మూడో గడిలో రాశాను. నాలుగో గడి సంగతి తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అన్నీ సులువు. సంసద్ టీవీ ఫోన్లోనే వస్తుంది. 1952 నుంచి జరిగిన చర్చలు, ప్రశ్నలకి జవాబులు ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. "కోటిపల్లి" అని కొడితే జవాబులు వరసగా వస్తాయి. తాతయ్యకి ఇది చూపించగలిగితే ఎంత బాగుండేది అనుకోని రోజు లేదు. అయితే వినడానికి రోజులే తగ్గిపోయాయి. మొదటి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. పదిహేడో లోక్‌సభ అయిదేళ్లలో కూర్చున్నది 274 రోజులు. ఆ అయిదేళ్లూ డిప్యూటీ స్పీకరే లేరు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయం తీసేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం ఇచ్చారు. ఆ సమావేశాలన్నిటికీ కలిపి పుస్తకంలో "నక్షత్రాలు లేవు" అని ఒక్క లైను రాశాను. మరో పక్క 2023 సెప్టెంబరు 20న కొత్త భవనంలో మహిళా రిజర్వేషన్ బిల్లుకి 454 మంది ఓటేశారు, కాదన్నది ఇద్దరు. 1996లో మొదటిసారి అది సభకి వచ్చినప్పుడు తాతయ్య రాసిన పేజీ తీసి, ఆ అంకెలు పక్కన రాశాను. టిక్కు పెట్టలేదు. అమలు కావాలి కదా.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాం. వారధి మీదుగా వెళ్లమని డ్రైవర్ అన్నా, నేను కోటిపల్లి మీదుగానే వెళ్దామన్నాను. రేవులో పంటు ఎక్కాం. బైకులు, గడ్డి మోపులు, పండక్కి వెళ్తున్న జనం. గౌతమి మధ్యలోకి వచ్చేసరికి రైలు వంతెన స్తంభాలు కనపడ్డాయి, నీళ్లలోంచి లేచి వరసగా. వాటి మీద కొంగలు. లెక్కపెడుతూ ఉంటే పంటు మీద టిక్కెట్లు కొట్టే కుర్రాడు చూసి, "స్తంభాలు ఎప్పుడో లేచాయండి. రైలే రావాలండి, ఆయ్," అన్నాడు.

సంచిలోంచి పుస్తకం తీశాను. 2000 నాటి ఆ పేజీ అంచులు పసుపు రంగుకి తిరిగాయి. తాతయ్య అక్షరాల పక్కన నాలుగో గడిలో పెన్సిల్‌తో, తర్వాత చెరపడానికి వీలుగా, "స్తంభాలు లేచాయి" అని రాశాను. పంటు కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి. కలం మాత్రం పుస్తకంలోనే పెట్టి ఉంచాను.